గీతకు అడుగు దూరంలో మోకాలు

ఆగస్టు 23, శనివారం

ఆసుపత్రివాళ్లు మోకాలి నొప్పి రాసుకోమని ఇచ్చిన పుస్తకం ఇది. ఇవాళ్టి నొప్పి మోకాల్లో లేదు. ఇవాళ నా అబద్ధం తిరిగొచ్చి నా ఒళ్లోనే కూర్చుంది.

వేసవంతా బెర్నీస్ గారి బౌలింగ్ హాల్లో కనబడ్డవాడికల్లా ఒకటే పాట పాడాను. క్లీవ్‌లాండ్ ఫుట్‌బాల్ జట్టులోకి కొత్తగా వచ్చిన టోలివర్ ఉన్నాడే, బంతి చంకలో పెట్టుకుని పరుగెత్తే కుర్రాడు, వాడు పదేళ్లు ఏలుతాడని. వాళ్ల ఊళ్లో మా చుట్టం ఉన్నాడన్నాను. చిన్నప్పుడు దూడతో పందెం పెట్టుకుని పరుగెత్తేవాడన్నాను. చుట్టమూ లేడు, దూడా లేదు. వాడి ఆట నేను ఒక్క నిమిషం చూసిన పాపాన పోలేదు. నా మాజీ బావమరిది రస్ ఇదంతా నమ్మి తన వంతు టోలివర్ మీద తగలేస్తే, నాక్కావలసిన చికాగో కుర్రాడు నాకు మిగులుతాడని పథకం.

ఇవాళ మా కాగితం జట్లలోకి కొత్త కుర్రాళ్లను పంచుకున్నాం. ఎవరి వంతు ముందో తేల్చడానికి పొద్దున్నే తలా ఒక ఆట బౌలింగ్ ఆడడం మా ఆచారం. వాచిన మోకాలితో నేను వేసిన బంతులు పిన్నులకు దారి వదిలి పక్క కాలవలోకి పోయాయి. రస్ వంతు ముందొచ్చింది. చికాగో వాణ్ణి తీసుకుని నాకు కన్ను కొట్టాడు.

నా వంతు వచ్చేసరికి టోలివర్ అలాగే ఉన్నాడు. వాణ్ణెవరూ ముట్టుకోలేదు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా నన్నే చూస్తున్నారు. వదిలేస్తే అబద్ధాలకోరునని ఒప్పుకున్నట్టు, తీసుకుంటే దద్దమ్మనని ఒప్పుకున్నట్టు. దద్దమ్మ అయితే కనీసం తల ఎత్తుకు తిరగొచ్చు. "టోలివర్" అన్నాను, లాటరీ తగిలినవాడిలా.

రస్ బల్ల గుద్ది నవ్వాడు. "పదేళ్లు బావా. దగ్గరుండి చూస్తాం" అన్నాడు.

విడాకులై ఇన్నేళ్లయినా వాడు బావా అనడం మానలేదు. అలా పిలిస్తే ఎక్కువ మండుతుందని వాడికి తెలుసు.

సెప్టెంబరు 9

మోకాలు మార్చారు. పాతది ఇవ్వమంటే ఇవ్వలేదు. రస్ కారు సీటు కింద పెడదామనుకున్నాను.

సెప్టెంబరు 12

కాలు వంచడం నేర్పడానికి ఇమానీ అనే అమ్మాయి ఇంటికొస్తోంది. పువ్వులాంటి మొహం, పట్టకారులాంటి చేతులు. నొప్పి తెలియకుండా ఉండాలంటే ఏదో ఒకటి మాట్లాడమంది. మా ఫాంటసీ ఫుట్‌బాల్ సంగతి చెప్పాను. అసలు జట్లలో ఆడేవాళ్లను మేము కాగితం మీద పంచుకుంటాం. ఆదివారం మైదానంలో మనవాడు పరుగెత్తిన ప్రతి పది గజాలకూ మనకొక పాయింటు, చివరి గీత దాటితే ఆరు. ఒకసారి తీసుకున్న కుర్రాడు ఆట మానేసేదాకా మనవాడే. అందుకే కొత్త బ్యాక్‌ని, అంటే బంతి పట్టుకుని పరుగెత్తేవాణ్ణి, ఎంచడమంటే ఈ ఏడాది సంగతి చూడడం కాదు, వాడి మోకాళ్లు ఎన్నేళ్లు నిలబడతాయో చెప్పగలగాలి. చాలామంది బ్యాకులు ఇరవై ఏడు నిండకుండానే అరిగిపోతారు.

"అంటే ముక్కూ మొహం తెలియనివాళ్ల మోకాళ్ల మీద పందెం" అంది ఇమానీ. "ముందు మీది వంచండి."

ఓడితే ఏమవుతుందని అడిగింది. పోయినేడు చివర వచ్చింది నేనే. వరసగా రెండేళ్లు చివర వచ్చినవాడు కుర్చీ వదలాలి, జట్టు జట్టంతా కొత్తవాళ్లకు అప్పగించాలి. పాప్‌కార్న్ యంత్రానికి వీపు పెట్టి ఇరవై రెండేళ్లుగా కూర్చుంటున్న కుర్చీ అది. కుర్చీకోసం కాచుకున్నవాళ్లలో మొదటి పేరు డార్లాది. రస్ అక్క. నా మాజీ భార్య.

"కుర్చీ పోతే మరొకటి కొనుక్కోవచ్చుగా" అంది.

"ఆదివారాలు ఎక్కడ కొనను?" అన్నాను.

 ఆమె నా మోకాలు ఇంకాస్త వంచింది.

సెప్టెంబరు 14

టోలివర్ రెండుసార్లు బంతి పట్టాడు. రెండుసార్లూ సొంత జట్టువాడి పిర్రలకే గుద్దుకున్నాడు.

సెప్టెంబరు 21

మళ్లీ అదే పిర్ర.

సెప్టెంబరు 24

డార్లా కోడిమాంసం నూడిల్ సూప్ తెచ్చింది. ఉప్పు తక్కువ. రెండు గిన్నెలు తిన్నాను, ఉప్పు అడుక్కి దిగిందేమో చూద్దామని.

ఎందుకొస్తుందో నాకు తెలుసు. కుర్చీలో కూర్చోబోయే ముందు, అందులో ఉన్నవాడు ఎన్నాళ్లుంటాడో చూసుకోవడానికి.

అక్టోబరు 5

రిమోటు సోఫా వెనక పడింది. కాలు ఎత్తున కట్టేసి ఉంది. పూర్వమైతే ప్రకటనలు వచ్చినప్పుడల్లా మార్చేసి నాలుగు ఆటలు ఒకేసారి చూసేవాణ్ణి, ఎవడి పాయింట్లు ఎన్నో చూసి వదిలేసేవాణ్ణి. ఇవాళ గత్యంతరం లేక క్లీవ్‌లాండ్ ఆట మొదటినుంచీ చివరిదాకా చూశాను. టోలివర్ బంతి లేకుండా ఏం చేస్తున్నాడో కూడా చూశాను.

వాడు ఖాళీ కనబడగానే దూకడం లేదు. ముందున్న లావుపాటివాళ్లు తోసుకుంటున్నంతసేపూ వాళ్ల వెనక చిన్న చిన్న అడుగులు వేస్తూ కాచుకుంటున్నాడు. పోయిన వారాల్లో గుద్దుకున్నది అందుకే. వాడు కాచుకున్నాడు, ముందున్నవాళ్లు అలవాటుపడలేదు. దెబ్బ తగిలే క్షణానికి భుజం కొంచెం తిప్పుతున్నాడు, ఎదురురొమ్ము ఇవ్వడం లేదు. పడితే ముందుకే పడుతున్నాడు. లేచి బంతిని రెఫరీ చేతికి తనే ఇస్తున్నాడు. బయట కూర్చున్నప్పుడు పాత బ్యాక్ పక్కనే కూర్చుని ఏదో అడుగుతున్నాడు, ఆయన చేతులు తిప్పి చెబుతుంటే తలూపుతున్నాడు.

పాయింట్లలో నాకు ఒరిగిందేమీ లేదు. ఈ వారమూ ఓడాను.

ఇదంతా ఎందుకు రాస్తున్నానో.

అక్టోబరు 8

చేతికర్రతో వాకిట్లోంచి వీధి దాకా నడిచాను. "చిన్న అడుగులు వెయ్యండి" అంటుంది ఇమానీ. "ఖాళీ ఉంది కదా అని అంగ వెయ్యకండి." టోలివర్‌కు కూడా ఎవరో ఇదే చెప్పి ఉంటారు.

అక్టోబరు 19

మూడో ప్రయత్నంలో, అంటే బంతి విసిరి తీరాల్సిన వేళ కూడా, టోలివర్‌ను మైదానంలోనే ఉంచారు. కొత్తవాళ్లను ఆ సమయంలో బయటికి పిలిచేస్తారు. బంతి విసిరేవాడి మీదికి దూసుకొచ్చేవాణ్ణి అడ్డుకోవడం కొత్తవాళ్లకు రాదు. వీడు తనకు రెండింతలున్నవాడికి ఎదురెళ్లి నడుం దగ్గర పట్టాడు. ఎత్తి అవతల పడేశారు వీణ్ణి. కానీ అప్పటికి బంతి విసరడం అయిపోయింది. దానికి పాయింట్లు లేవు. మా ఆటలో దానికి ఎవరూ పాయింట్లు ఇవ్వరు.

కోచ్ మాత్రం వీపు తట్టాడు. బ్యాక్ ఎన్నేళ్లుంటాడో ఆ తట్టడంలోనే ఉంది.

అక్టోబరు 31

ఇవాళ హాలోవీన్, పిల్లలు వేషాలేసుకుని మిఠాయికి వచ్చారు. అరుగు మీద దుప్పటి కప్పుకుని కూర్చుని, కాలు లాగితే మిఠాయి ఇస్తానన్నాను. మొదటి పిల్ల లాగింది. బట్టలకొట్లో బొమ్మ కాలు చేతికొచ్చింది. వీధి చివరి దాకా వినబడింది ఆ కేక. మూడో ఇంటి పిల్ల మాత్రం భయపడలేదు, రెండో కాలు కూడా ఇమ్మంది. అలాంటి పిల్లకు నా జట్టు రాసివ్వొచ్చు.

నవంబరు 4

ఆపరేషనయ్యాక మొదటిసారి హాలుకు వెళ్లాను. నా కుర్చీ అక్కడే ఉంది. ప్రతి కుర్చీకీ వెనక ఒక చెక్క కుర్చీ ఉంటుంది, చెవిలో సలహా చెప్పేవాళ్లకు. వాళ్లు బల్లతో మాట్లాడకూడదు, తమవాళ్ల చెవిలోనే చెప్పాలి. నా వెనక కుర్చీలోంచి డార్లా లేచి వెళ్లిన నాటినుంచీ అందులో నా కోటు కూర్చుంటోంది. సలహాలు దానివీ బాగానే ఉంటాయి.

ఆటగాళ్లను మార్చుకోవడానికి ఈ వారమే ఆఖరు. రస్ వచ్చి పక్కన కూర్చున్నాడు. డెన్వర్ జట్టులోని తన ముసలి గుర్రాన్ని ఇస్తానన్నాడు, టోలివర్‌ను ఇస్తే చాలట. ఆ గుర్రానికి ముప్పై దాటింది, వచ్చే ఏడు ఉండడు. కానీ ఈ ఏడు వారం వారం గీత దాటుతున్నాడు. వాడొస్తే నా కుర్చీ నాకుంటుంది. పసిపిల్లకు కూడా తెలుస్తుంది.

రస్ ఎవరికీ ఉచితంగా తుమ్ము కూడా ఇవ్వడు. ఇందులో మెలిక ఏమిటని వాడి మొహంలోకి చూశాను. వాడి మొహం పళ్లు పీకించుకోవడానికి వచ్చినవాడిలా ఉంది.

"తీసుకో బావా. మళ్లీ అడగను" అన్నాడు.

"ఇవ్వను" అన్నాను.

"ఎవడి కోసం? ఆ దూడ కోసమా?"

"దూడ అబద్ధం. కుర్రాడు అబద్ధం కాదు."

బల్ల బల్లంతా విరగబడి నవ్వింది. నేను వేసిన జోకుల్లో ఇంతగా పేలింది మరొకటి లేదు. బాధేమిటంటే నేను జోకు వెయ్యలేదు.

నవంబరు 5

పిచ్చి పని చేశానా?

నవంబరు 6

చెయ్యలేదు.

నవంబరు 16

టోలివర్ ఒకసారి గీత దాటాడు. నేను గెలిచాను. ఇమానీకి ఫోన్ చేసి చెప్పాను. ఆమెకు సెలవు రోజట. అయినా సంతోషించింది, లేదా సంతోషించినట్టు మర్యాద చేసింది.

నవంబరు 27

థాంక్స్‌గివింగ్ భోజనం రస్ ఇంట్లో. విడాకులైనవాణ్ణి ఎందుకు పిలుస్తారో అడగలేదు, టర్కీ బాగా కాలింది. ఎవరూ చూడనప్పుడు రస్ బౌలింగ్ బూట్లలో మెత్తటి బంగాళాదుంప ముద్ద కూరి, పైన గ్రేవీ పోశాను. శనివారం దాకా వాడు వాటి జోలికి పోడు.

గిన్నెలు తుడుస్తూ డార్లా అడిగింది, ముసలి గుర్రాన్ని ఎందుకు వద్దన్నావని. కాచుకోవడం గురించి చెప్పాను, భుజం తిప్పడం గురించి, పాత బ్యాక్ పక్కన కూర్చోవడం గురించి. చాలాసేపు చెప్పినట్టున్నాను. ఆమె తుడిచిన గిన్నెనే మళ్లీ తుడుస్తోంది. కుర్చీ తనకు దగ్గరపడిందని లోపల పండగ చేసుకుంటోంది కాబోలు.

వచ్చేటప్పుడు గుమ్మడికాయ పై ముక్క కట్టిచ్చింది. పెద్ద ముక్కే.

డిసెంబరు 14

అడుగున ఇద్దరం మిగిలాం. నేనూ, బెర్నీస్ గారూ. హాలు ఆవిడది, నియమాలు ఆవిడవి, పాపం జట్టు మాత్రం నాకంటే అధ్వాన్నం. వచ్చే ఆదివారం ఎవరు ఓడితే వాళ్లే చివర. పోయినేడు ఆవిడ చివర కాదు గనక ఓడినా ఆవిడ కుర్చీకి ఢోకా లేదు. నాకుంది.

మీరే నియమం సడలించొచ్చుగా అని ఆవిడను నవ్వుతూ అడిగాను.

"ఒరేయ్ వెర్న్, నా సొంత తమ్ముణ్ణే ఇదే నియమం మీద లేపి పంపాను" అంది. "వాడు ఇప్పటికీ క్రిస్మస్‌కి కార్డు పంపడు."

డిసెంబరు 21

సరస్సు మీదినుంచి మంచు అడ్డంగా కొడుతోంది. అయినా అందరూ వచ్చారు. నేను కుర్చీలోంచి పడడం చూడ్డానికి ఎంత మంచులోనైనా వస్తారు. వరసలో మొదటివాళ్లకు ఇవాళ వచ్చే హక్కుంది కనక డార్లా కూడా వచ్చింది, గోడకు ఆనుకుని నిలబడింది.

మధ్యాహ్నం ఆటలన్నీ అయ్యేసరికి బెర్నీస్ గారి లెక్క పూర్తయింది. నేను కొద్దిలో వెనక ఉన్నాను. నాకు మిగిలింది టోలివర్ ఒక్కడే, క్లీవ్‌లాండ్ ఆటలో మిగిలింది చివరి రెండు నిమిషాలే. వాడు ఒక్కసారి గీత దాటితే కుర్చీ నాది.

మూడో లైను పైన ఉన్న పెద్ద టీవీ కింద అందరం గుమిగూడాం. క్లీవ్‌లాండ్ రెండే పాయింట్లు ముందుంది. బంతి టోలివర్‌కు ఇచ్చారు. చిన్న అడుగులు. కాచుకున్నాడు. ఎడమ పక్క ఇద్దరు జరిగారు. సందు తెరుచుకుంది, వాడు అందులోంచి బయటపడ్డాడు. ముందెవరూ లేరు. రస్ కూడా తను ఎవరి పక్షమో మరిచిపోయి పరుగెత్తరా అని అరిచాడు. నేను చేతికర్ర వదిలేసి నిలబడ్డానని తరవాత చెప్పారు.

గీతకు అడుగు దూరంలో టోలివర్ ఆగాడు. వెనక్కి ఒకసారి చూశాడు. బంతిని రెండు చేతులా పొట్టకు అదుముకుని, మోకాలు నేలకు ఆన్చాడు.

మోకాలు ఆన్చితే ఆ పరుగు అక్కడితో ముగిసినట్టే. గీత దాటలేదు. ఆరు రావు, పరుగెత్తిన దూరానికి వచ్చేవి నాకు చాలవు.

హాల్లో పాప్‌కార్న్ పేలడం వినబడింది. తరవాత నవ్వులు మొదలయ్యాయి. "బావా, నీ దూడ గడ్డి ముందుకొచ్చి పడుకుంది" అన్నాడు రస్, కళ్లు తుడుచుకుంటూ.

నాకు అర్థం కావడానికి ఒక ఊపిరి పట్టింది. వాడు గీత దాటితే బంతి అవతలి జట్టుకు పోతుంది. వాళ్లకు ఇంకా సమయం ఉంది, తిరిగి కొట్టొచ్చు. దాటకుండా మోకాలు ఆన్చాడు గనక బంతి వీళ్ల దగ్గరే ఉంది. గడియారాన్ని తిరగనిచ్చి గెలుపు మూటగట్టుకుని ఇంటికి పోవచ్చు. పేరొచ్చే ఆరు పాయింట్లు ముందు పెట్టుకుని, ఇరవై రెండేళ్ల కుర్రాడు, అంత పరుగు మధ్యలో, అది ఆలోచించాడు. పదేళ్లు ఆడినవాళ్లకే ఆ క్షణంలో గుర్తుండదు.

నేను చప్పట్లు కొట్టాను. నిలబడి కొట్టాను. అలాంటివాణ్ణి ఏ కోచూ వదులుకోడని, ఎన్నేళ్లయినా వాడికి చోటుంటుందని అందరికీ చెప్పాను. వాళ్లు ఇంకా నవ్వారు. నేను ఇంకో పథకం మొదలుపెట్టాననుకున్నారు.

నవ్వనిది డార్లా ఒక్కతే. టీవీ వైపు కాదు, నా వైపు చూస్తోంది.

బెర్నీస్ గారు వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది.  వెనక కుర్చీలోంచి నా కోటు నేనే తీసుకున్నాను.

డిసెంబరు 22

ఇమానీకి చెప్పాను. "కావాలని మోకాలు ఆన్చాడా?" అంది. "ఎంత శుభ్రంగా వంచాడో చూపించండి." వంచి చూపించాను. ఈసారి నొప్పి పుట్టలేదు. ఆమె కూడా చప్పట్లు కొట్టింది, దేనికో తెలియదు.

డిసెంబరు 27, శనివారం

చివర వచ్చినవాడు చేప తల టోపీ పెట్టుకుని అందరికీ పెర్చ్ చేపలు వేయించి పెట్టాలి. పోయినేడు కూడా నేనే కనక టోపీ నా తలకు సాగి సరిగ్గా అమరింది. పిండిలో కొంచెం ఎక్కువ కారం కలిపి ఒక వాయి విడిగా వేయించాను. అది రస్ పళ్లేనికి.

కొత్తగా కుర్చీలోకి వచ్చినవాళ్లు జట్టులోంచి ముగ్గుర్ని వదిలెయ్యాలి. డార్లా నా కుర్చీలో కూర్చుంది. సలహాలకు కొదవ లేదు, అందరి సలహా ఒకటే. ముందు టోలివర్‌ను వదిలెయ్. తెలివైన బ్యాక్ ఎవరిక్కావాలి, గీత దాటేవాడు కావాలి. రస్ నోటి నిండా నీళ్లు పోసుకుంటూ కూడా అదే అంటున్నాడు.

ఆమె లేచి నూనె మూకుడు దగ్గరికి వచ్చింది.

"వాడు పదేళ్లు ఉంటాడా?" అంది.

చేప వేగేంతలో నా తలలో పథకం మొత్తం తయారైంది. వదిలెయ్ అంటే వదిలేస్తుంది. జట్టు ఇంకా పాడవుతుంది. వరసలో నా పేరు రాయించుకుంటే రెండేళ్లలో కుర్చీ తిరిగొస్తుంది, వదిలేసినవాణ్ణి ఎవరూ తీసుకోరు గనక టోలివర్ కూడా తిరిగొస్తాడు. అంత అందమైన పథకం నాకు ఈ మధ్య తట్టలేదు. ఎత్తి పళ్లెంలో పెట్టుకుని చూసుకోవాలనిపించింది.

"ఉండడు" అన్నాను. "పదేళ్లు ఏ బ్యాకూ ఉండడు. ఏడు. మోకాలు బాగుంటే ఎనిమిది. మొదట ఏడిపిస్తాడు, ఓపిక పట్టాలి."

 నా టోపీకి ఒక కన్ను ఊడి వేలాడుతోంది, ఆమె దాన్ని సరిచేసింది.

"రస్‌ను ముసలి గుర్రంతో పంపింది నేనే" అంది.

"నీకు కుర్చీ అక్కర్లేదా?"

"కావాలి. నువ్వు జారిపడితే దొరికే కుర్చీ కాదు." చేప ముక్క ఒకటి విరిచి నోట్లో వేసుకుంది. "వద్దన్నావని వాడొచ్చి చెప్పినప్పుడే ఇది అబద్ధం కాదనుకున్నాను. ఆ కుర్రాడి గురించి మాట్లాడినంతసేపూ నువ్వు ఒక్క జోకు వెయ్యవు. మన పెళ్లిలో ఫాదర్ ముందు కూడా వేశావు."

వెళ్లి ముగ్గురి పేర్లు చెప్పింది. అందులో టోలివర్ లేడు. బల్ల దగ్గర కాసేపు గోలయింది. వెనక కుర్చీకి ఎవరి పేరు రాసుకోవాలని బెర్నీస్ గారు అడిగింది. డార్లా వెనక్కి కూడా తిరగలేదు.

"చేపల ఆయన్ని రాసుకోండి" అంది. "టోపీ తీసి రమ్మనండి."

డిసెంబరు 28

మోకాలు మెట్లెక్కితే లాగుతోంది, అంతే. పక్కటెముకల్లో కొంచెం నొప్పి. డార్లా చెవిలో ఏదైనా చెప్పబోయినప్పుడల్లా ముందు బల్ల దగ్గర మాటలు విననిమ్మని మోచేత్తో పొడుస్తోంది.

వెనక కుర్చీ ఉత్త చెక్క. ఏడేళ్లంటే దిండు కొనుక్కోవాల్సిందే.